పట్టేసిన బోల్టులూ, బావ కుడిచెయ్యీ

మా అక్క భర్త పోయిన నెలలో చనిపోయారు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆయన్ని బావా అని తప్ప మరోలా పిలవలేదు. ఆ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మీ బావ లెగడం లేదురా" అంది. గాజువాక నుంచి మల్కాపురం వెళ్లేసరికే అంతా అయిపోయింది. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆయన్ని నిద్రలోనే తీసుకుపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఆయన ఎంతో శాంతపరుడని చెప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన పక్కన ఎన్నో ఆదివారాలు కూర్చుని విసిగిపోయినవాణ్ని. ఆ ఆదివారాల సంగతే మీకు చెప్పాలి.

బావ పోర్టులో క్రేన్ నడిపేవారు. రిటైరైన కొద్దికాలానికే మొదటిసారి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తర్వాత కాస్త కదిలింది గానీ పట్టు రాలేదు. టీ గ్లాసు కూడా నిలిచేది కాదు. సీతమ్మధారలో డాక్టరు రబ్బరు బంతి ఒకటి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. బావ రెండు రోజులు పిసికి, ఎడంచేత్తో దాన్ని కిటికీలోంచి విసిరేశారు. తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న మోటార్‌సైకిల్ మీద కప్పిన పట్టా నా చేత తీయించారు.

పెళ్లయిన కొత్తలో కొన్న బండి. సముద్రపు గాలికి ప్రతి బోల్టూ తుప్పుపట్టి, పట్టేసింది. కొన్నిటి తలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. స్పానర్ పెడితే జారిపోతోంది.

"అన్నీ ఇప్పాల. బాగున్నవి కడిగి మళ్లీ పెడదాం, పోయినవి మారుద్దాం. నానే ఇప్పుతాను. నువ్వు ఊరికే కూకో" అన్నారు.

ఆ ఊరికే కూర్చోవడం ఉంది చూశారూ, అంత కష్టమైన పని నేనింకోటి చెయ్యలేదు. ఆయన కుడిచేతి వేళ్లని ఎడంచేత్తో ఒక్కొక్కటిగా మడిచి స్పానర్ చుట్టూ పెట్టేవారు. ఎడంచెయ్యి తియ్యగానే స్పానర్ కిందపడేది. మళ్లీ తీసేవారు. మళ్లీ పడేది. బోల్టుల మీద కిరసనాయిలు పోసి నానబెట్టడం, వైర్ బ్రష్‌తో గీకడం వరకే నాకు అనుమతి. ఓసారి ఉండబట్టలేక స్పానర్ అందుకోబోతే, "సెయ్యి తియ్" అన్నారు. ఆ గొంతు విని నిజంగానే తీసేశాను.

"బోల్టు కదలడం లేదో, నా సెయ్యి కదలడం లేదో తెల్డం లేదురా. అదొక్కటి తెలిస్తే బాగున్ను" అన్నారొకసారి, నేలమీద కూలబడి.

అక్క గుమ్మంలోంచి, "మెకానిక్‌కి ఇచ్చీ. రేపటికల్లా అయిపోద్ది" అంది.

"నీ మెకానిక్ నా సెయ్యి కూడా బాగు సేత్తాడేటి?"

అక్క విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

మొదట కదిలింది చైన్ కవర్ బోల్టు. కిర్రుమంది. బావ పూర్తిగా విప్పి, చూసి, మళ్లీ దాన్ని అక్కడే పెట్టి బిగించడం మొదలెట్టారు.

"ఏటి బావా, ఇన్నాళ్లకి ఒకటి వొస్తే మళ్లీ బిగించీస్తన్నావు?"

"నిజంగా నానే ఇప్పేనో లేదో సూడాల" అని, ఇంకోసారి విప్పారు. ఆ పూటంతా అదే పని. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అలా ఒక్కొక్కటిగా వచ్చాయి. మిగిలింది సైలెన్సర్ దగ్గర బోల్టు. వేడి చేశాం, నూనె పోశాం, సుత్తితో మెల్లగా తట్టాం. ఒక ఆదివారం బావ కుడిచేత్తో తిప్పుతుంటే టక్కుమని దాని తల తెగిపోయింది. మిగతా ముక్క ఇంజన్‌లోనే ఉండిపోయింది. బావ స్పానర్‌ని గోడకేసి విసిరి, మొహం పక్కకి తిప్పుకున్నారు. భుజాలు అదురుతున్నాయి.

ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది. కోపంగానే అన్నాను: "ఎందుకు బావా ఏడుపు? పట్టు లేనోడు బోల్టు తల తెంపగలడేటి?"

ఆయన తన చేతిని తిప్పి చూసుకున్నారు.

ట్రాలీ ఆటోలో బండిని పాతనగరం లేత్ షాపుకి తీసుకెళ్లాం. షాపు నడిపే సాయిబు గారు వంగి చూసి, "ఇంతలా ఎవరు తెంపినారయ్యా?" అని విసుక్కున్నారు.

"నానే. ఈ సేత్తోనే" అంటూ బావ కుడిచెయ్యి ముందుకు చాపారు. సాయిబు గారికి ఏమీ అర్థం కాలేదు. ఆ ముక్కని డ్రిల్ చేసి తీసి, కొత్త బోల్టు వేసిచ్చారు.

బండి స్టార్టయిన రోజున తానే తోలతానని పట్టుబట్టారు. అక్క ఒప్పుకోలేదు. పెద్ద గొడవే అయింది. చివరికి మొహం మాడ్చుకుని నా వెనక ఎక్కారు. గాజువాక రోడ్డు మీద లారీల మధ్య, గేరు మార్చిన ప్రతిసారీ తిట్లు తిన్నాను. పడిపోకుండా ఆయన కుడిచేత్తో నా భుజం పట్టుకున్నారు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "బావా, కాస్త ఒదులు. నొప్పెడతంది" అన్నాను.

ఆయన వదల్లేదు. అద్దంలో చూశాను. దుమ్ముకి కళ్లు చికిలించి, తిన్నగా ఎర్రలైటు వైపే చూస్తూ, ఇంకాస్త గట్టిగా నొక్కుతున్నారు.