ఆడపిల్లల వరుసలో శిక్ష

తొమ్మిదో తరగతిలో నాకు పట్టుకున్న కడుపునొప్పికి కారణం మా అమ్మ లెక్క ప్రకారం దిష్టి, డాక్టర్ లెక్క ప్రకారం గ్యాస్. బడే అసలు కారణమని నాకొక్కడికే తెలుసు. ఆదివారం పొద్దంతా మా నాన్న బట్టల దుకాణంలో హుషారుగా చీరలు మడతపెట్టేవాణ్ని. చీకటి పడగానే పొట్టలో మెలిపెట్టడం మొదలయ్యేది.

"ఆదివారం మంచిగుంటడు, సోమారం రాంగనే ముడుసుకుంటడు. ఎవ్వని కండ్లు వడ్డయో ఏమో," అంటూ మా అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. మా ఇంట్లో అందరం దగ్గి దగ్గి చచ్చేవాళ్లం, అయినా ఆమె నమ్మకం సడలేది కాదు.

నాకు మగపిల్లలంటే ఇష్టం. స్నేహం సంగతి కాదు, గుండె దడదడలాడే ఇష్టం. కబడ్డీ ఆడే ఒకడు ఎదురైతే లెక్కల సూత్రాలన్నీ మరిచిపోయేవాణ్ని. దానికి 'గే' అనే మాట ఉందని ఫోన్‌లో చదివాను గానీ ఎవరితోనూ అనలేదు. నేను చెప్పకపోయినా నా నడకనూ గొంతునూ చూసి క్లాసులో మగపిల్లలు నాకు 'అక్క' అని పేరు పెట్టారు. పేరుతో పోతే బాగుండేది. బాత్రూంలోకి వెళ్తే బయట గడియ పెట్టేవాళ్లు. అందుకని బడిలో నీళ్లు తాగడమే మానేశాను, ఎండాకాలంలో కూడా. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా క్లాసులో ఎడమవైపు మగపిల్లలు, కుడివైపు ఆడపిల్లలు కూర్చునేవాళ్లు. మా క్లాస్ టీచర్ సోషల్ సార్. ఆయన బెత్తం పట్టేవారు కాదు. హోంవర్క్ చేయని మగపిల్లవాడు ఆ రోజంతా ఆడపిల్లల మధ్య కూర్చోవాలి, అదే శిక్ష. సిగ్గుపడి దారికొస్తారని ఆయన నమ్మకం. మా క్లాసు మొనగాళ్లు కూడా అక్కడ కూర్చోవాల్సి వస్తే ఏడుపు మొహం పెట్టేవాళ్లు.

ఒకరోజు నేను నిజంగానే నోట్‌బుక్ ఇంట్లో మరిచిపోయాను. "పో, అటు కూసో," అన్నారు సార్. క్లాసంతా గొల్లుమంది. గాజుల దుకాణం వాళ్ల అమ్మాయి బ్యాగు జరిపి నాకు చోటిచ్చింది.

"సార్, మా పక్కకు కూసునుడు శిక్ష ఎట్లయితది? మేమేమన్న కరుస్తమా?" అని గట్టిగానే అడిగింది.

సార్ విననట్టు బోర్డు వైపు తిరిగారు. ఆమె బెంచీ కింద నుంచి నాకు ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్క అందించింది. మధ్యాహ్నం నేను నీళ్లు తాగకపోవడం చూసి కారణం అడిగింది. ఎందుకో దాచాలనిపించలేదు, చెప్పేశాను. "గంతేనా? తాగు. నువ్వు పోయొచ్చేదాంక నేను వరండల నిలవడ్త," అంది. ఆమె నోటికి మగపిల్లలందరూ హడలిపోయేవాళ్లు. ఎవడూ గడియ జోలికి రాలేదు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. మర్నాటి నుంచి హోంవర్క్ శ్రద్ధగా రాసి, బ్యాగు అడుగున దాచేసి, "రాయలేదు సార్," అని చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని. తిట్లు తిని, తల వంచుకుని కుడివైపు నడుస్తుంటే నవ్వు ఆపుకోవడం మహా కష్టమయ్యేది. నెల తిరిగేసరికి కడుపునొప్పి మాయమైంది. ఆ ఘనతంతా మా అమ్మ మిరపకాయల ఖాతాలో వేసింది.

అంతా బాగుందనుకుంటుండగా, ఎవరో ఫోన్ తెచ్చారని తెలిసి సార్ ఒకరోజు అందరి బ్యాగులూ వెతికారు. నా బ్యాగులో ఫోన్ దొరకలేదు. నెల రోజుల హోంవర్క్ దొరికింది, తేదీలతో సహా.

"ఇదేందిరా?" అన్నారు సార్ పేజీలు తిప్పుతూ.

నిజం చెబితే మగపిల్లలు నన్ను బతకనివ్వరు. చెప్పకపోతే సార్ నన్ను మళ్లీ వాళ్ల మధ్యకే పంపుతారు. గుడ్లనీళ్లు కుక్కుకుని నిలబడ్డాను. "అక్క దొరికిందిరోయ్!" అని ఎడమవైపు నుంచి ఎవడో అన్నాడు. ఆ వైపంతా నవ్వు. సార్ అటు చూశారు, తర్వాత చాలాసేపు నన్ను చూశారు.

"ఇప్పుడు అక్క అన్నోడు లేసి బయటికి నడువు," అన్నారు ముందు. వాడు బయటికి నడిచాక నా వైపు తిరిగి గొంతు పెంచారు. "రాసి సుత రాయలేదని అబద్ధం చెప్తానవా? ఈ ఏడంత నీకు గిదే శిక్ష. అక్కడ్నుంచి లేసినవంటే ఊకోను!"

పక్కన గాజుల దుకాణం అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మాత్రం ఆనందం బయటపడకుండా తల వంచుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

బెల్లు కొట్టాక వరండాలో సార్ నన్ను ఆపారు. "మొన్నటిదాంక కడుపునొప్పని సెలవు చీటీలు పెట్టినవు. ఇప్పుడు మంచిగున్నదా?"

"మంచిగున్నది సార్."

"మరి నన్ను అడిగితె అక్కడ కూసోనియ్యకపోదునా బిడ్డా? గింత దొంగతనం ఎందుకు?"

నాకింత చోటు ఇమ్మని ఒక మనిషిని అడగొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.