నాలుగో అద్దం ముక్క

మా చిన్నాయన పోయాడన్న కబురు ఆళ్లగడ్డ నుంచి పొద్దుటి బస్సులో నంద్యాలకు వచ్చింది. తెచ్చినామె వాళ్ల పక్కింటామె. గడప బయటే నిలబడి, "పొద్దున్నే లేసి టీ తాగినాడమ్మా. గోడకు ఆనుకొని కూచున్నాడు. అంతే" అంది. నా నోట మొదట వచ్చిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "సరిగ్గా చూసినారా?" అన్నాను. ఆయన చేతుల్లో పెరిగినదాన్ని. ఏ మాటనైనా ఒకసారి తట్టి చూడనిదే నమ్మని మనిషి ఆయన.

చిన్నాయన తాపీ మేస్త్రీ. గోడను తాపీ పిడితో తట్టి చెవి ఆనించేవాడు. గోడ ఒక్కటే కాదు, కుండ కొన్నా, కర్బూజా కొన్నా, మా ఇంట్లోకి కొత్త కుర్చీ వచ్చినా తట్టాల్సిందే. "లోపల బోలుగా ఉండాదా గట్టిగా ఉండాదా అదే చెప్తాది. నువ్వు గమ్మునుంటే సాలు" అనేవాడు. మా నాయన తొందరగా పోతే నన్నూ, నా వెనక పుట్టినవాళ్లనూ నిలబెట్టింది ఆ తాపీయే.

ఆళ్లగడ్డలో మా చర్చి కట్టింది ఆయనే. డెబ్బైల మొదట్లో, సిమెంటు పర్మిట్టు మీద తప్ప దొరకని రోజుల్లో. నాలుగేళ్లు తిరక్కుండానే గోడలు నాలుగు చోట్ల పగిలాయి. ప్రార్థనలో కళ్లు మూసుకోవాల్సిన వాళ్లు పగుళ్లను చూస్తూ కూర్చునేవాళ్లు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘపెద్ద ఒకాయన నలుగురిలో నవ్వుతూ అడిగాడు.

"ఏం మేస్త్రీ, చర్చి పగిలింది గానీ మీ ఇంటి అరుగు పగల్లేదే!"

"మా అరుగు మట్టిదప్పా. వచ్చి తట్టి చూసుకో" అన్నాడు చిన్నాయన.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చర్చి కట్టిన ఏడాది ఆయన ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసింది సిమెంటు సంచుల మీద. అవి చూశాను. ఆయనా నన్ను చూశాడు. చర్చి సిమెంటు ఇంటికి వచ్చిందా అని నేను అడగలేదు. ఆ సంచులు ఏళ్ల తరబడి నా ప్రార్థనల్లోకి వచ్చి కూర్చునేవి.

మా ఆఖరి తమ్ముడు అప్పుడు యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్నాడు. అక్కడ నెలకొకసారి ఇంజనీరింగు శాఖల వాళ్లంతా ఒక హాల్లో చేరి, ఎవరు ఏ పరిశోధనలో ఉన్నారో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లట. మన చర్చి నేల లాంటి నల్లరేగడి మీద కట్టిన గోడలు ఎందుకు పగులుతాయో ఈసారి చెబుతారు, చిన్నాయనను తీసుకొని రా అక్కా అని జాబు రాశాడు. వాడి ఉద్దేశం నాకు తెలుసు. తప్పు నేలదని ఒక చదువుకున్న మనిషి నోట వస్తే చిన్నాయన పేరు నిలబడుతుంది.

చివరి వరసలో కూర్చున్నాం. చెప్పేది ఇంగ్లీషులో. తమ్ముడు చెవిలో తెలుగు చేస్తున్నాడు. మొదట కరెంటు శాఖాయన లేచాడు. స్తంభాల మీది పింగాణీ గిన్నెలకు దుమ్ము పడితే కరెంటు ఎలా కారిపోతుందో చెప్పాడు.

"కారేది ఈయప్ప కండ్లారా చూసినాడంటనా?" అన్నాడు చిన్నాయన.

"మీటరు చూసింది చిన్నాయనా."

"మీటరును ఎవరు చూసినారు?"

తమ్ముడు తల పట్టుకున్నాడు. తర్వాత మెకానికల్ శాఖ కుర్రాయన, మోటారు బేరింగు పాడయ్యే ముందు దాని చప్పుడు మారుతుందనీ, ఆ మార్పును ముందే పట్టే పరికరం చేస్తున్నాననీ చెప్పాడు. చిన్నాయన ముందుకు జరిగి కూర్చున్నాడు. "ఈయప్ప మనోడు" అన్నాడు.

ఆఖరున నేల సంగతి. లెక్చరరు తెర మీద పగిలిన గోడల బొమ్మలు వేశాడు. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దానితో గోడ పగులుతుంది అన్నాడు. తమ్ముడు నా వైపు చూసి నవ్వాడు. నాకూ గుండె తేలికైంది. అంతలో చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"సారూ, ఆ గోడ కట్టిన మేస్త్రీని అడిగినారా?"

హాల్లో నవ్వులు. లెక్చరరు నవ్వలేదు. "లేదు పెద్దాయనా" అన్నాడు తెలుగులో.

"మరి తప్పు నేలదే, వానిది కాదని యాడ తెలిసింది?"

"ఒక్కసారి చూస్తే తెలియదు. పగులుకు అడ్డంగా పలుచని అద్దం ముక్క సిమెంటుతో అతికించి ఏడాది కనిపెట్టాలి. గోడ కదిలితే అద్దం పగులుతుంది. నేల చేసిన పగులు ఎండకు తెరుచుకుంటుంది, వానలకు దగ్గరవుతుంది. పునాదిలో తప్పుంటే ఎండా వానా లేదు, తెరుచుకుంటూనే పోతుంది."

తిరుగు బస్సులో అన్నాను, "ఇంక దిగులు లేదు కదా చిన్నాయనా. నేల తప్పే అని చెప్పినారు."

"ఆ మాట నాకు కలిసొచ్చేది పాపా. కలిసొచ్చే మాటనే రెండుసార్లు తట్టి చూడాల." నాకు నలభై దాటినా ఆయనకు పాపనే. టిక్కెట్టు జేబులో పెట్టుకుంటూ, "ఆ సంచులు ఉత్తవి. పాస్టరమ్మ ఇచ్చింది" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"అనుమానపడు, తప్పు లేదు. అనుమానపడి అడక్కుండా మోస్తాండావు సూడు, అది తప్పు."

ఆ వారమే నాలుగు పగుళ్ల మీద నాలుగు అద్దం ముక్కలు అతికించాడు. పక్కన తడి సిమెంటులో మేకుతో తేదీ గీశాడు. వేసవికి నాలుగూ పగిలాయి. కొత్తవి అతికించాడు. వానలకు మూడు పగుళ్లు దగ్గరయ్యాయి. పాస్టరు గది మూలనున్న నాలుగోది మాత్రం ఇంకా తెరుచుకుంది. అద్దం మళ్లీ పగిలింది.

ఏడాది నిండిన ఆదివారం ఆరాధన చివర చిన్నాయన లేచాడు. నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను.

"మూడు పగుళ్లు నేలవి. నాలుగోది నాది" అన్నాడు. "ఆడ సున్నం నానబెట్టేదానికి నేనే గుంట తవ్వుకున్నా. పాస్టరు గది ఆడ కట్టాలని తర్వాత అనుకున్నారు. గుంట పూడ్చి దాని మీదనే పునాది ఎత్తినా. దిమ్మిసతో కొట్టినా కదా, గట్టిపడిందిలే అనుకున్నా. తట్టి సూడలేదు."

ఆ గుంట సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోతే నాలుగు పగుళ్లూ నేల ఖాతాలోకే పోయేవి. వెటకారం చేసిన పెద్ద లేచి, "ఇంత కాలానికి చెప్తివా మేస్త్రీ" అన్నాడు.

"ఈ పొద్దే కదప్పా నాకూ తెలిసింది. రేప్పొద్దున గడ్డపార తీసుకొని రా, చూపిస్తా."

ఆ పెద్ద నిజంగానే వచ్చాడు. ఇద్దరూ కలిసి మూల విప్పి, గట్టి గరుసు నేల తగిలేదాకా తవ్వి, మళ్లీ కట్టారు. పాత గోడా కొత్త మూలా కలిసే చోట చిన్నాయన ఒక అద్దం ముక్క అతికించాడు. ఏళ్లు గడిచినా దాన్ని తీయనివ్వలేదు. కిందటి ఈస్టరుకు నేనే అడిగాను, ఇంకా ఎందుకు చిన్నాయనా అని.

"నేను పోయినాంక కూడా తీయొద్దు పాపా. సచ్చినోళ్లను జనం తొందరగా నమ్ముతారు."

సమాధికి ముందు చర్చిలో జరిగిన ఆరాధనలో పాస్టరు ఆయన గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అన్నీ నిజమే. అయినా వింటూ వింటూ నా కళ్లు ఆ మూలకే పోయాయి. అందరూ పెట్టె వెంట బయటికి నడిచాక నేను ఒక్కదాన్నే అక్కడ ఆగాను. దేవా, ఈయన నేర్పిన అనుమానాన్ని నా మీదికే తిప్పు అని ప్రార్థించి, గోడను వేలి మెటికతో తట్టాను. గట్టిగా పలికింది. అద్దం మీద ఏళ్ల దుమ్ము. కొంగుతో తుడిచాను. కిటికీ లోంచి పడిన ఎండ అద్దం ఆ చివర నుంచి ఈ చివరదాకా, ఎక్కడా విరక్కుండా, సాగింది.