కడగకూడని స్పాంజి

ఈ ఉదయం టీ తాగడానికి వచ్చిన ఎదురింటి బెంగాలీ ఆవిడ చేపలతొట్టి ముందు ఆగి, ఫిల్టరులోని స్పాంజిని చూసి ముఖం చిట్లించింది. "దీదీ, ఇల్లంతా అద్దంలా ఉంచుకుంటారు, ఇదొక్కటే ఇంత మురికేమిటి? ఇలా ఇవ్వండి, కడిగేస్తాను" అని గాజులు పైకి తోసుకుంది. "ముట్టుకోకండి" అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగానే అన్నాను. ఆవిడ కప్పులో టీ తొణికింది. నేను క్షమించమని అడగలేదు.

మా ఆయన నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఇంజన్లను చల్లబరిచే నీటిని పరీక్షించే ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక పరీక్షించడానికి నీళ్ళు లేక తోచక ఈ తొట్టి పెట్టారని నా అనుమానం. కుళాయి నీళ్ళు బకెట్లలో పట్టి ఒక రోజంతా అలా వదిలేసేవారు, క్లోరిన్ పోవాలని. స్నానానికి ఆ బకెట్ తీశానని ఒకసారి పూటంతా నాతో మాట్లాడలేదు. వారానికోసారి గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి, కిటికీ దగ్గర పట్టుకు చూసేవారు. పసుపురంగు వస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. చేపలు విడిచే ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజి మురికిలోనే కాపురం ఉంటాయట. "తేటగా ఉన్నాయని నీళ్ళని నమ్మకు" అనేవారు. గుడ్ల నుంచి పెంచిన ఆరు ఏంజెల్ చేపలు ఆయన పోయేనాటికి తొట్టిలో ఉన్నాయి.

పెద్దకర్మ నాడు ఇల్లంతా కడగడం మావాళ్ళ ఆచారం. పలాస నుంచి వచ్చిన మా పెద్దాడపడుచు గిన్నెలు, గోడలు, దేవుడి పటాలు అన్నీ కడిగి, తొట్టిని కూడా వదల్లేదు. పాత నీళ్ళన్నీ పారబోసి, స్పాంజిని బ్లీచింగ్ పౌడరులో ఉతికి, కుళాయి నీళ్ళు నింపింది. "సూడే అమ్మీ, ఎంత తేటగున్నాయో!" అంది. ప్రేమతో చేసిన పనే. నేనప్పుడు ఏదీ చూసే స్థితిలో లేను. మర్నాటికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి, మిగతావి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చుక్కలు వేశాను. ఆకుపచ్చ.

"తమ్ముడే పోనాడు, సేపలకేటి? సెరువులో ఒదిలీ" అంది ఆవిడ. నెల తిరక్కుండా నేను గుమ్మం దాటకూడదని కూడా అంది. దాటాను. టోటో రిక్షా ఎక్కి సుభాష్‌పల్లిలో ఆయన వెళ్ళే చేపల కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపే బెంగాలీ దాదా కొత్త స్పాంజి తీశాడు. "కొత్తది వద్దు, మీ తొట్టిలో వాడుతున్న మురికిది కావాలి" అన్నాను. నవ్వబోయి, నా నుదురు చూసి ఆగిపోయాడు. తన పెద్ద తొట్టిలోని స్పాంజిని సగానికి కోసి, ఆ నీళ్ళతోనే సంచిలో కట్టి ఇచ్చాడు.

గుమ్మంలో మా వదిన కాచుకుని ఉంది. "నలుగురూ ఏటనుకుంటారే! ఆ సంచీలో ఏటది?"

"మురికి, వదినా."

"ఏటీ?"

"మురికే. నిన్న మీరు కడిగేసినది."

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ ముందే ఆ స్పాంజిని ఫిల్టరులో, ఉతికిన పాతదాని పక్కనే పెట్టాను. తేట నీళ్ళు మసకబారాయి. రోజూ పావువంతు నీళ్ళు తీసి, బకెట్లలో నిలవబెట్టినవి పోశాను. విషం పెరగకుండా మేత దాదాపు మానేశాను. "ఊరందరికీ భోజనాలెట్టినాం, ఈటికి ఉపాసమేటి?" అని ఆవిడ సణిగేది. బంధువులు వచ్చి నా తీరు చూసి చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనిచ్చాను. ఇంకో చేప పోయింది. మూడు మిగిలాయి. నాలుగో వారంలో ఒక పొద్దున వదినే గాజు గొట్టం తీసుకుని కిటికీ దగ్గర పట్టుకుని, "పసుపుగున్నాది. బతుకుతాయంటావా?" అంది. తలూపాను. గొట్టాన్ని కడిగి, తుడిచి, ఆయన పెట్టే చోటే పెట్టింది.

ఇప్పటికీ నన్ను త్వరగా తేరుకోమనేవాళ్ళున్నారు, ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేయమని, గది సర్దేయమని. ఆ స్పాంజిని కడగడానికి ఒక్క పూట పట్టింది. అది మళ్ళీ పనిచేయడానికి నెల పట్టింది. నాకెంత పడుతుందో నాకు తెలియదు. ఎంత పడితే అంత తీసుకుంటాను.