కాలవ గట్టు మీద మూడో పిలుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. పత్తి గిడ్డంగిలో గుమాస్తాగా చేసినవాణ్ణి, కాటా వేసి చూడందే బస్తా బరువు కూడా నమ్మేరకం కాదు. ఇప్పటికీ ఎవరైనా అలాంటివి మొదలెడితే నవ్వి లేచిపోతాను. కానీ పంతొమ్మిది వందల ముప్ఫైల్లో ఒక ఆదివారం, మిట్టమధ్యాహ్నం నాకు జరిగినదాన్ని మాత్రం నవ్వి తోసెయ్యలేకపోతున్నాను.

మాది అరవదేశంలో కోవిల్‌పట్టి. చుట్టూ నల్లరేగడి, పత్తి, సజ్జ. పచ్చటి వరిచేను చూడాలంటే సైకిలెక్కి దూరం పోవాలి. మా అక్క మొగుడికీ నాకూ అదే పిచ్చి. ఆదివారం తెల్లవారగానే బయల్దేరి, సాత్తూరు దాటి, విరుదునగర్ వైపు చెరువుల కింద ఊళ్ళు వెతుక్కుంటూ పోయేవాళ్ళం. మోటారు మోత ఉండదు. ఎప్పుడైనా ఒక ఎద్దుల బండి ఎదురైతే అదే పెద్ద సందడి. నేల అంతా చదును కాబట్టి తొక్కినట్టే ఉండదు. ఈ తిరుగుడు చూసి ఊళ్ళో మాకు పని లేదనుకునేవాళ్ళు. నిజమే, ఆదివారం మాకు వేరే పని ఉండేది కాదు.

బావ నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. ఏడిపించడానికి "గుమాస్తా" అనేవాడు. గిడ్డంగిలో కూడా అందరూ నన్ను పేరుతోనే పిలిచేవారు. అలా పిలిచేది బావ ఒక్కడే.

ఆ రోజు అక్క వద్దంది. ఆమెకి ఏడో నెల, తొలి కాన్పు. "ఈ తూరి పోవద్దురా. పోతే పొద్దు గూకేలోగా ఈయన్ని తెచ్చి నా ముందర నిలబెట్టాల" అంది నాతో. సరేనన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నానికి ఒక ఊరు చేరి, అక్కణ్ణించి చెరువు తూము దాకా పోయే కాలవ గట్టు పట్టాం. రెండు మైళ్ళుంటుంది. రెండు పక్కలా నాట్లు పడి నెల దాటిన వరి. కాలవకి నీటి వంతు ఇంకా రాలేదు, ఎండి ఉంది. గట్టు మీద బాట మూరెడే. ఎండ్రకాయలు తవ్విన బొక్కలు తప్పించుకుంటూ ఒకరి వెనక ఒకరు పోవాలి. అర మైలు పోయాక బావ సైకిలు చెయిను జారింది.

"నువ్వు పో గుమాస్తా. తూముకాడ నీళ్ళు తాగతా ఉండు, వస్తా" అన్నాడు. నేను సాగిపోయాను.

ఇక్కడ మా ఇళ్ళలో సంగతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం వేళ ఒంటరిగా ఉన్నప్పుడు వెనకనుంచి ఎవరైనా పిలిస్తే పలకకూడదు, తిరిగి చూడకూడదు. మూడోసారి కూడా పిలిస్తే అది మనిషి, అప్పుడు పలకొచ్చు. గాలీ ధూళీ మూడోసారి పిలవలేవట. నడక నేర్చిన వయసులోనే అమ్మ ఇది నేర్పేస్తుంది. నేను నమ్మేవాణ్ణి కాదు, కానీ చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు అదీ అలవాటైపోయింది.

ఇంకో పావు మైలు పోయుంటాను. వెనకనుంచి "గుమాస్తా" అని పిలుపు వచ్చింది. గొంతు బావదే. అయితే మనిషి ఎత్తునుంచి కాదు, నేలలోంచి వచ్చినట్టు ఉంది. నేను పలకలేదు. చుట్టూ ఒక్క మనిషి లేడు, కొంగ కూడా లేదు. గాలి ఆగిపోయి వరి కదలకుండా నిలబడి ఉంది.

కాసేపటికి మళ్ళీ పిలిచింది. ఈసారి ఇంకా సన్నగా, చివర ఈడ్చినట్టు. పలకడానికి నోరు తెరిచాను కూడా. మూడోది రానీ అనుకుని మూసేశాను. నిజం చెబుతున్నాను, భయంతో ఏడుపొచ్చింది. కాళ్ళు వాటంతటవే గట్టిగా తొక్కేస్తున్నాయి.

మూడో పిలుపు వచ్చింది. కానీ ముందునుంచి వచ్చింది.

తూము వైపునుంచి, స్పష్టంగా, రోజూ పిలిచే ఆ వెక్కిరింపుతోనే, "గుమాస్తా!" అని. ప్రాణం లేచివచ్చింది. చేలకి అడ్డంపడి నాకన్నా ముందే పోయి ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. "వస్తుండా బావా!" అని అరిచి, మిగిలిన దూరం ఒక్క ఊపున తొక్కాను.

తూము దగ్గర బావ లేడు. చెరువులో ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, కాలవకి నీళ్ళు వదలడానికి తూము కర్ర పట్టుకుని నీరుగంటి ఉన్నాడు, ముసలాయన. నా వెనక గట్టుమీద వస్తుండిన మా బావ ఎక్కడని అరవంలో అడిగాను. పొద్దుటినుంచి ఇటు ఎవరూ రాలేదన్నాడు. ఇప్పుడే ఇక్కణ్ణించి పిలిచాడు కదా అన్నాను. నాకేమీ వినపడలేదన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, కర్రమీంచి చేయి తీసేశాడు.

"ఇంకొకాయన గట్టుమీద ఉండాడంటివే. ఆయన్ని కంటితో చూసేదాకా నీళ్ళు విడవను" అన్నాడు. ఆ మాట అరవంలోనే అన్నా నాకు ఈనాటికీ తెలుగులోనే గుర్తు.

వెనక్కి పోవాలి. అదే గట్టు, నన్ను పిలిచిన అదే చోటు. ముసలాయన నా వెనక రాకపోతే పోయేవాణ్ణి కాదేమో. ఆయన్ని వదిలి ముందుకు పోలేక సైకిలు నడిపించుకుంటూ పరుగెత్తాను. అక్కడ కనబడేది బావేనా అన్న భయం ఒకటి, బావే అయితే ఎలా ఉంటాడో అన్న భయం ఇంకొకటి. అక్క ముఖం కళ్ళముందు ఆడుతూనే ఉంది.

బావ కాలవలో ఉన్నాడు. చెయిను ఎక్కించి బయల్దేరగానే ఎండ్రకాయ బొక్కలో చక్రం దిగబడి, రాతి కట్టు దగ్గర కాలవ ఇరుకైన చోట వెల్లకిలా పడ్డాడు. సైకిలు మీద పడింది, కాలు విరిగి దాని కడ్డీలకీ రాతికీ మధ్య ఇరుక్కుంది. కదలలేడు. నీరుగంటి రాతిమీద నీటి గుర్తు చూపించాడు. నీళ్ళు వదిలితే అవి బావ ముఖానికి జానెడు పైన పారేవి. ఆ మూడో పిలుపు వినపడకపోతే నేను తూముకాడ నీళ్ళు తాగుతూ, ఆయన వస్తాడని కూర్చుని ఉండేవాణ్ణి.

ఇద్దరం కలిసి బయటికి లాగాం. బావ నా చొక్కా పట్టుకుని వదల్లేదు.

"రెండు తూర్లు పిలిస్తిని రా. అంతే, మళ్ళ ఊపిరి ఆడలే. నువ్వు నా చెవి కాడనే 'వస్తుండా బావా' అంటివే, దాంతోనే ధైర్యం తెచ్చుకొంటిని" అన్నాడు.

నేను ఆ మాట అన్నది మైలు దూరంలో.

చదునైన చేలమీద గొంతు దూరం పోతుందని, చెరువు కట్టకి తగిలి తిరిగొస్తుందని తర్వాత చాలామంది చెప్పారు. పోనీ నా మాట అలా ఆయనకి చేరిందనుకుందాం. ఆయన పిలవని పిలుపు ఎలా తిరిగొస్తుంది? నీరుగంటికి వినపడనిది నాకెందుకు వినపడింది? నాకు తెలియదు. ఇప్పుడు కూడా వెనకనుంచి ఎవరైనా పిలిస్తే గుండె జారిపోతుంది.

బావకి కాలు కాస్త పొట్టిదైంది, ప్రాణం నిలిచింది. పొద్దు గూకిన చాలాసేపటికి బండిలో ఆయన్ని అక్క ముందు దించాను. ఆ తర్వాత ఒకసారి, పిల్లవాణ్ణి ఒళ్ళో ఆడిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"నేను పిలిచిన ఆ రెండు పిలుపులు, నీకు వినపడలేదా గుమాస్తా?"

"లేదు బావా" అన్నాను.