గస్తీ కారుకు చిక్కిన మంత్రగాడు

దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొట్టిన గుమ్మడికాయ మీద బైకు జారి ఎవరైనా పడితే, ఆ దిష్టి ఎవరికి తగిలినట్టు?

నిరుడు ఒక అమావాస్య మర్నాడు పొద్దున, అమీర్‌పేటలో మా వీధి మలుపులో అలాంటి ముక్కలే ఏరి సంచిలో వేస్తున్నాను. పంజాగుట్ట వైపు నుంచి పోలీసుల గస్తీ కారు వచ్చి పక్కనే ఆగింది.

"పెద్దసారు, ఎవరో చేతబడి చేస్తున్నరని ఫోనొచ్చింది. బండెక్కుండ్రి," అన్నాడు కానిస్టేబుల్.

చేతబడి అబద్ధమని ముప్పై ఏళ్లుగా సభల్లో వాదించినవాణ్ని! వీధంతా చూస్తుంటే తల కొట్టేసినట్టయింది.

"జనం జారిపడకుండా తీస్తున్నానండీ. కావాలంటే మీరూ ఓ ముక్క పట్టుకోండి."

అతను వెనక్కి జరిగాడు. "వద్దు సార్, ఇంట్ల చిన్న బిడ్డ ఉన్నది."

అంతలోనే స్కూటీ మీద వచ్చిన అమ్మాయి మిగిలిన ముక్క మీద జారింది. అతను ఒక్క అంగలో వెళ్లి హ్యాండిల్ పట్టుకుని ఆమెను నిలబెట్టాడు. తర్వాత వంగి, ఆ ముక్కను చేత్తో తీసి నా సంచిలో వేశాడు.

"బిడ్డకేమన్నయితే మీదే పూచీ సార్!"

ఇప్పుడు ప్రతి అమావాస్య మర్నాడూ ఆ కారు మా మలుపులో ఆగుతుంది. ముక్కలుంటే అతనే తీస్తాడు. "బిడ్డ మస్తుగున్నది సార్!" అని కేకేసి మరీ వెళ్తాడు.

రేపు మీ వీధిలో గుమ్మడికాయ కనిపిస్తే తప్పుకుని పోకండి. వంగి, చేత్తో తీసేయండి.