విల్లు దినం, సూది దినం

ఒక ఎండాకాలమంతా నేను కాలువలో పరిగెత్తాను. నీళ్లున్న కాలువలో కాదులెండి. మాది కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరు. మా వీధి దాటి కొంతదూరం నడిస్తే కె.సి. కాలువ వస్తుంది. ఎండాకాలం దానికి నీళ్లు ఆపేస్తారు. ఊరు దాటాక కాలువ అడుగున ఒండ్రు ఎండిపోయి పైన పెళుసుగా, కింద మెత్తగా ఉంటుంది. రెండు పక్కలా కట్టలు మనిషెత్తుకు మించి ఉంటాయి కాబట్టి లోపల పరిగెత్తే మనిషి రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించదు. నాకు కావలసింది అదే. కాళ్లకు మెత్తన, జనం కళ్లకు చాటు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి ముందు ఒక రాత పరీక్ష, తర్వాత పరుగు, చివర మళ్లీ రాత పరీక్ష ఉంటాయి. పరుగులో పదహారువందల మీటర్లు గడువులోగా పూర్తి చేయాలి. మొదటిసారి నేను ఆ గ్రౌండ్ గేటు కూడా చూడలేదు. రెండోసారి నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు హద్దు మీద ఉంది. అది తప్పితే ఇక దరఖాస్తు పెట్టే అర్హత కూడా ఉండదు. అంటే పరిగెత్తి కాలును గట్టిపరచుకోవాలి, ఆ పరుగుతోనే కాలు పాడుకాకుండా చూసుకోవాలి. ఈ రెండూ ఒకచోట ఇమడవని నాకు అంతకుముందు ఎండాకాలమే తెలిసివచ్చింది.

ఆ ముందటి ఎండాకాలం సంగతి చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి. ఆమె మా ఎదురింట్లోనే ఉంటుంది. తెల్లవారి మసీదులో అజా వినిపించగానే లేచి అరుగు మీద కూర్చుంటుంది. నేను బూట్లు కట్టుకుని బయటికి వస్తే ఆమె నోరు ఊరుకునేది కాదు.

"ఆడపిల్లవు, పొద్దున్నే ప్యాంటేసుకోని యాడికమ్మా ఉరుకుతాండావు? ఎవురన్నా తరుముతాండారా?"

"ఎవురూ తరమలేదత్తా. నేనే తరిమేదానికి పోతాండా, పోలీసునైనాక."

అలా జవాబు చెప్పినందుకు ఇక ఆగే వీలు లేకుండా పోయింది. రోజూ సిమెంటు రోడ్డు మీద, రోజూ ఒకే వేగంతో, రోజూ ఆమె చూస్తుండగా పరిగెత్తాను. వడగాడ్పులు మొదలైనా మానలేదు. ఆమె అరుగు మీద ఉన్నంతసేపు నేను నడిచింది లేదు.

మాది పరుపులు కుట్టే ఇల్లు, ముందుగదే అంగడి. దూదేకులవాళ్లం. నా కాళ్లు నొప్పి పెడుతున్నాయని కనిపెట్టి నాయన నా బూట్లలోకి బూరుగ దూదితో రెండు బుల్లి పరుపులు కుట్టాడు. పాదం ఆకారంలో గుడ్డ కత్తిరించి, దూది కూరి, అంచులు మడిచి, దూది కదలకుండా మధ్యమధ్య టాకాలు కూడా వేశాడు. పెళ్లి పరుపుకు ఎంత శ్రద్ధ పెడతాడో వాటికీ అంతే పెట్టాడు. మొదటి నూరడుగులు స్వర్గంలా ఉండేవి. తర్వాత చెమటకు దూది తడిసి ఉండలు కట్టి, మడమ ఒకవైపుకు ఒరిగిపోయేది. ఆయన మనసు నొచ్చుకుంటుందని నేను చెప్పలేదు. నెలరోజులు ఆ పరుపుల మీదే పరిగెత్తాను.

మోకాలి కింద, ముందువైపు ఎముక మీద ఒకచోట వేలు పెడితే ప్రాణం పోయేది. చివరికి ఆసుపత్రికి పోతే, ఎముకకు వెంట్రుకంత పగులు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది.

"నెల నుంచి నొప్పి ఉంటే ఎందుకు ఆపలేదు?" అని అడిగింది.

ఎదురింట్లో మా అత్త చూస్తుంటుందని ఆమెకు ఎలా చెప్పను? ఆ ఏడు నాతోటి అమ్మాయిలు గ్రౌండులో పరిగెత్తిన రోజున నేను అంగట్లో పరుపుల దొంతర మీద కాలు చాపుకుని దిండ్ల గలీబులు కుడుతున్నాను. ఆ రోజు నాకు అందరి మీదా కోపమే, అందరికంటే ఎక్కువ నా మీద.

రెండో ఎండాకాలం అందుకే కాలువలోకి దిగాను. తెల్లవారకముందే అంబలి తాగి, తడిపిన చున్నీ తలకు చుట్టుకుని సందుల్లోంచి పోయేదాన్ని. కొత్త బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నాను, ఎండకు పాదాలు ఉబ్బుతాయి కాబట్టి. తూము నుంచి వంతెన దాకా, వంతెన నుంచి తూము దాకా పరిగెత్తేదాన్ని. సూర్యుడు కట్ట ఎక్కే లోపల ఇంటికి చేరేదాన్ని. ఎవరూ చూడటం లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఇంత తెలివిగా చేస్తున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ రోజూ పరిగెత్తడం మాత్రం మానలేదు. మెత్తటి నేల కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

ఐదో వారంలో ఒక పొద్దున అదే ఎముక మీద అదే చోట సన్నగా సలుపు మొదలైంది. వంతెన కింద కూర్చుని వేలితో నొక్కి చూసుకున్నాను. ఈ అవకాశం పోతే ఇక వేరేది లేదు. ఇంట్లో చెప్పకూడదనుకుని, మామూలుగా నడుస్తూ గడప దాటి లోపలికి వచ్చాను.

నాయన అంగట్లో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"రోజూ కుడికాలు పెట్టి గడప దాటేదానివి. ఈ పొద్దు ఎడమకాలు పెట్టినావు. ఎన్ని దినాలైంది పాపా నొప్పి?"

"ఏం లేదు నాయనా. ఊరికే."

"నాకు ఊరికే అని చెప్తావు. ఎముకకు ఏం చెప్తావు?"

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన సూది పక్కన పెట్టి, తన పక్కన దూది బస్తా మీద నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"మా కాలంలో మిషను లేదు. దూది విల్లుతో ఏకాల. పొద్దన్నుంచి సందేళ దాకా కొయ్యతో ఆ నారిని కొడతాంటే మర్నాడు భుజం పట్టేస్తాది. అందుకే మా నాయన మర్నాడు నన్ను విల్లు ముట్టనిచ్చేటోడు కాదు. సూది ఇచ్చేటోడు. ఒక దినం ఏకేది, ఒక దినం కుట్టేది. నాకేమో వయసు, పొగరు. ఒకపారి మైదుకూరులో పెండ్లోళ్లు తొందర పెడితే, ఆయప్ప లేనప్పుడు నాలుగు దినాలు వరసగా కొట్టినా. ఇదో, చూడు."

కుడిచెయ్యి పైకెత్తాడు. అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. నాయన నమాజుకు పోయేటప్పుడు టోపీ ఎప్పుడూ ఎడమచేత్తోనే పెట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అది ఆయన అలవాటనుకున్నాను తప్ప ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

"నీ కాలు ఇట్ల కాకూడదు," అన్నాడు.

"మరి నా బూట్లలో పరుపులు కుట్టినావు కదా, అది?" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"అది నా తప్పే. పరుపు పండుకునేదానికి, ఉరికేదానికి కాదు. అప్పుడే చెప్పుంటే తీసేసేటోడిని కదా."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత పన్నెండు రోజులు నేను పరిగెత్తలేదు. నడిచాను, అంతే. సలుపు పూర్తిగా పోయాక రోజు విడిచి రోజు మొదలుపెట్టాను. పరిగెత్తే రోజు విల్లు దినం. మరుసటి రోజు సూది దినం, అంగట్లో కూర్చుని పరుపులు కుట్టడం. ప్రతి పొద్దునా నాయన, "ఈ దినం ఏ దినం పాపా?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని.

పరుగు కంటే సూది దినమే కష్టం. నమ్మండి. అంగడి వీధి మొఖాన ఉంటుంది, ఎదురుగా అత్త అరుగు. నేను పొద్దున్నే సూది పట్టుకుని కూర్చుంటే ఆమెకు పండగ.

"ఏమ్మా, అప్పుడే అయిపోయిందా పోలీసు ఉద్యోగం? నేను చెప్పలే, నాలుగు దినాల ముచ్చటని?"

ఒంట్లో రక్తం ఉడికిపోయేది. బూట్లు అక్కడే, మంచం కింద ఉండేవి. రెండు నిమిషాల్లో వేసుకుని ఆమె ముందు నుంచే దూసుకుపోగలను. ముందు ఏడు అదే చేసి కాలు పాడుచేసుకున్నాను. పరిగెత్తడానికి కావలసిన మొండితనం నాకు పుట్టుకతోనే ఉంది. కూర్చోవడానికి కావలసింది మాత్రం టాకా టాకాకూ నేర్చుకోవలసి వచ్చింది. ఆమె అంటూనే ఉంది, నేను కుడుతూనే ఉన్నాను. ఆ ఎండాకాలం మా అంగట్లో పరుపులంత బిగువైన పరుపులు కర్నూలులో ఎక్కడా తయారై ఉండవు.

ఎండలు తగ్గి, పరుగుకు ఇంకా రెండు వారాలున్నాయనగా, ఒక విల్లు దినం పొద్దున కాలువ దగ్గరికి పోయాను. అడుగున ఎర్రటి నీళ్లు మెల్లగా వస్తున్నాయి. మొన్నటి నా అడుగుల గుర్తులు ఒక్కొక్కటే నిండి మాయమవుతున్నాయి. నీళ్లు వదులుతారని తెలియనిదాన్ని కాదు, ఆ రోజే అనుకోలేదు. కట్ట మీద పరిగెత్తుదామా అని చూశాను. కట్టంతా కంపచెట్లు, గులకరాళ్లు. చీలమండ మెలిపడితే అంతే సంగతులు. ఇక మిగిలింది రోడ్డు.

సరే, రోడ్డే. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు, దాక్కోవలసిన అవసరం కూడా లేదనిపించింది. సిమెంటు వదిలి, రోడ్డు పక్కన మట్టి అంచు మీద, నా లెక్క ప్రకారం, నా వేగంతో పరిగెత్తాను. షేర్ ఆటో అతను పక్కగా వచ్చి వేగం తగ్గించాడు.

"ఏమక్కా, ఎక్కుతావా? నీకంటే ముందే దింపుతా."

"డీజిల్ లేకుండా రాప్పా, చూస్తాం."

ఆటోలో కూర్చున్న ఆడవాళ్లు గట్టిగా నవ్వారు. నేను వీధిలోకి వచ్చేసరికి అత్త అరుగు మీదే ఉంది. కాలు కొంచెం అలిసింది. ఆమె చూస్తుండగానే పరుగు ఆపి నడిచాను. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

పరుగు ముందురోజు సూది దినం. ఒక దిండు కుట్టాను. గ్రౌండులో మొదటి చుట్టుకు అందరి వెనక ఉన్నాను. అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని దూసుకుపోయారు. నేను కాలువలో తూము నుంచి వంతెనకు పోయినట్టే పోయాను. చివరి చుట్టులో ఒక్కొక్కరినీ దాటాను. గడువుకు ఇంకా సమయం ఉండగానే గీత దాటి, కుంటకుండా బయటికి నడిచి వచ్చాను. ఇంటికి వస్తే అత్త, "ఎన్నో నంబరు?" అంది. "లోపలికొచ్చినా అత్తా, గడువు లోపలికి," అన్నాను.

ఆఖరి రాత పరీక్షలో ఉద్యోగం చేజారింది. జాబితాలో పైనుంచి కింద దాకా మూడుసార్లు వెతికాను, నా నంబరు లేదు. వయసు దాటిపోయింది కాబట్టి ఇక వేరే నోటిఫికేషన్‌తో నాకు పని లేదు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. బాధగా ఉంది అనడం చాలదు. రెండేళ్ల కష్టాన్ని ఎవరో నా చేతుల్లోంచి లాక్కున్నట్టుంది. నాయనకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, తెలిసిందని ఆయన మొఖమే చెప్పింది. ఆయన కూడా తినలేదు.

తెల్లవారింది. నేను దుప్పటి ముసుగులోనే ఉన్నాను. గడప దగ్గర టోపీ పెట్టుకుంటూ నాయన ఆగాడు, ఎడమచెయ్యి తలమీదే ఉంది.

"ఈ దినం ఏ దినం పాపా?"

రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు. ముసుగు తీసి లెక్క చూసుకున్నాను.

"విల్లు దినం నాయనా," అన్నాను.

లేచి బూట్లు కట్టుకున్నాను. సందుల్లోంచి పోలేదు. ఎదురింటి అరుగు ముందు నుంచే వీధిలోకి వచ్చాను.

"ఉద్యోగం రాలేదంట కదమ్మా," అంది అత్త. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "ఇంక ఆ బూట్లు ఎవురికన్నా ఇచ్చేయకూడదా?"

"ఇస్తా అత్తా," అన్నాను, "అరిగినాక."

ఆ జత అరిగింది. తర్వాత ఇంకో రెండు జతలు అరిగాయి. ఈ రోజు సూది దినం, అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.