కోరుట్ల టాకీసులో నేను రాసిన పలక

మొన్న మా అక్క మనుమరాలి పెండ్లికి కోరుట్ల వెళ్ళాను. శుభలేఖలో ఫంక్షన్ హాలు పేరు చూసి ఏదో కొత్తది కట్టారనుకున్నాను గాని, ఆటో దిగి తలెత్తి చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. అది నేను పదకొండేళ్ళు సినిమా మిషను ఆపరేటరుగా పనిచేసిన టాకీసు! ముందు గోడ నిండా బంగారు రంగు రేకులు, ప్లాస్టిక్ పూల కమాను, టికెట్లు ఇచ్చిన కిటికీ దగ్గర చెప్పుల స్టాండు. నా క్యాబిన్లో డీజే వాళ్ళు తమ డబ్బాలు పెట్టుకున్నారు. లోపల పెద్ద తెర మీద హాలు చరిత్ర అంటూ ఒక వీడియో తిప్పుతున్నారు. ఒకప్పుడు ఇది టాకీసట, జనం టీవీలకు అలవాటుపడితే మూతపడిందట, ఓనరు కొడుకు ఎంతో శ్రమపడి దీన్ని ఇలా తీర్చిదిద్దాడట. అంతే, చరిత్ర అయిపోయింది. నక్సలైట్ల కాలంలో ఈ గోడల మధ్య మేము ఎట్లా బతికామో ఒక్క ముక్క లేదు. ఎవరిని అడగాలి, ఎవరికి చెప్పాలి?

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. రాత్రి ఆటలు అప్పటికే బందయ్యాయి, ఉన్నదల్లా మ్యాట్నీ ఒక్కటే. కథలాపూర్ నుంచి, మల్లాపూర్ నుంచి వచ్చినవాళ్ళు పొద్దుండగానే ఇంటికి చేరాలని, ఆఖరి రీలు పూర్తికాకముందే చెప్పులు తొడుక్కునేవారు. గేటు దగ్గర పోలీసులు సంచులు వెతికేవారు. అయినా జనం వచ్చేవారు. ఆ మూడు గంటలైనా ఎవరూ ఏమీ అడగరు కదా అని వచ్చేవారేమో.

అప్పట్లో ఫోన్లు ఎక్కడివి? సినిమాకు వచ్చిన మనిషికి ఇంటి నుంచి ఏదైనా కబురు వస్తే, గేటు మనిషి ఒక చీటీ రాయించుకుని పైకి పంపేవాడు. నేను మసి పూసిన గాజు పలక మీద సూదితో ఆ మాటలు గీసి, ఇంటర్వెల్లో తెర మీద వేసేవాణ్ణి. ఫలానా ఊరి ఫలానా వారు గేటు దగ్గరికి రావలెను. పలక పడగానే హాలంతా మెడలు తిప్పి, లేచిందెవరా అని చూసేది, ఎవరింట్లో ఏమైందో అని అయ్యో అనేది. నా చేతిరాతంటే నాకు మహా గర్వం, అచ్చు వేసినట్టుంటుందని జనం అనేవారు. చీటీలో ఏముంటే అది రాయాలి, ఎవరిచ్చారని అడగకూడదు, ఇది మా టాకీసు పద్ధతి. ఆ పద్ధతికి మంట పెట్ట!

మా బావ, అంటే మా అక్క మగడు, సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. ఆ పనివాళ్ళకు కూలి పెంచాలని నలుగురిలో నిలబడి మాట్లాడాడు, అదే ఆయన చేసిన నేరం. ఆ రోజుల్లో అట్లా నిలబడితే చాలు, అన్నలతో, అంటే నక్సలైట్లతో, సంబంధముందని పేరు పడేది. ఒకనాడు కథలాపూర్లో ఉన్న తల్లిని చూడడానికి బయలుదేరి, దారిలో నన్ను పలకరిద్దామని కోరుట్లలో దిగాడు. సాయంత్రం బస్సు దాకా వీధిలో తిరగడం మంచిది కాదని నేనే బలవంతంగా బాల్కనీలో కూర్చోబెట్టాను. చీకట్లో ఎవరు చూస్తారులే అనుకున్నాను.

బొమ్మ మొదలైన అరగంటకు చీటీ వచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఫలానా వారికి, తల్లికి సుస్తీగా ఉంది, వెంటనే గేటు దగ్గరికి రావలెను. అది మా బావ పేరు! ఆ పెద్దావిడకు ఏమైందో, ఇంటర్వెల్ దాకా ఎట్లా ఆగేదని, గబగబా పలక గీసి నడుస్తున్న బొమ్మ మీదనే వేశాను. నేనే కిందికి దిగి, కబురు తెచ్చిందెవరో చూసి ఉండవచ్చు. కాని మిషనులో వెలుగుకు మండే కడ్డీలను ఘడియఘడియకూ సవరించాలి, నేను కదిలితే తెర నల్లబడుతుంది, జనం ఈలలు వేస్తారు, ఓనరు తిడతాడు. ఈలలకు భయపడ్డాను, ఇంకేముంది!

కింద మఫ్టీలో పోలీసులు, సోడా బండి పక్కన జీపు. బావ గేటు దాకా రాగానే పట్టుకుపోయారు. బస్టాండు నుంచే ఆయన వెంటపడ్డారని తర్వాత తెలిసింది. నేను మెట్లు దిగి ఉంటే ఆ జీపు నా కంట పడేది, వెనక తలుపు నుంచి బావను పంపించేవాణ్ణి. కథలాపూర్లో ఆ తల్లి నిక్షేపంగా వడ్లు చెరుగుతూ కూర్చుని ఉంది.

కొన్ని వారాలకు వదిలిపెట్టారు. కుడిచేతి వేళ్ళు మళ్ళీ వంగలేదు. తెగిన పోగును అతకలేనివాడికి సాంచ మీద పనేముంటుంది? మా అక్క బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. నన్ను ఒక్క మాటా అనలేదు, పోయేదాకా అనలేదు. అంటే బాగుండేది. బావకు మాత్రం ఎట్లా చెప్పాలి? దిగి రాగలిగి రాలేదని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగేశాను.

మొన్న పెండ్లిలో ఆయన హాలు లోపలికే రాలేదు. బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెండ్లికూతురి తాత వేదిక మీదికి రావలెనని తెర మీద పేరు వేశారు, మైకులో మూడుసార్లు పిలిచారు. ఒక్కరూ మెడ తిప్పలేదు, ఎవరి ప్లేటు వాళ్ళది. నేనే లేచి బయటికి వెళ్ళాను.

"బావా, గప్పుడు నేను దిగి రావల్సుండె. ఈలలేస్తరని రాలే," అన్నాను.

ఆయన చెప్పుల స్టాండు వైపు చూశాడు. "గా పలక మీద నీ రాత సూసే లేసిన బామ్మర్ది. ఇంకెవ్వలు రాసినా లేసెటోన్ని గాదు," అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ మాట ఆయన కూడా దిగమింగుకునే ఉన్నాడు.

"ఇయ్యాల నేనే అచ్చిన. దా," అని ఆ వంగని వేళ్ళ చేయి పట్టుకున్నాను. లేచాడు. లోపలికి వచ్చి తెర మీది తన పేరు కేసి చాలాసేపు చూసి, గా పేరు ఎవలు రాసిండ్రని అడిగాడు. ఎవ్వలు రాయలే బావా, మిషన్ రాసింది అన్నాను. మంచిగైంది అని వేదికెక్కాడు. నేను కిందనే నిలబడి ఆ అక్షరాల కేసి చూశాను. ఇప్పుడు ఎవరు పిలిచారో, ఎవరు లేచారో ఎవరికీ పట్టదు. అప్పుడు హాలంతా మెడ తిప్పి చూసింది, అందరికంటే ముందు చూడవలసిన నేను మాత్రం కడ్డీలు సవరిస్తూ కూర్చున్నాను.